చిలికా సరస్సు నేర్పు పాఠము

(మా పాఠశాల విజ్ఞానసంఘ వార్షిక సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

ఈ యేటి సభలో పర్యావరణ రక్షణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా విజ్ఞానసంఘమువారు మమ్ము కోరిరి. సంతోషముతో నంగీకరించితిమి. కాని యొక చిక్కు కలదు. ఈ విషయమున మంచిమాటలకు కొరత లేదు. చెట్లు నాటుడు, నీటిని వృథా చేయకుడు అను వాక్యములు మన తరగతి గోడలపైననే యున్నవి. అవి మీకు కంఠస్థములు. వాటిని మేము మరల చదివి వినిపించినందువలన ప్రయోజనము లేదు. ఆ వాక్యముల వెనుకనున్న కారణములు మీకు తెలియవలెను. కారణము తెలియనిచో మంచిమాట గోడమీదనే యుండిపోవును.

కారణములను వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. మన గంజాం జిల్లా పెరటిలో చిలికా సరస్సున్నది. బ్రహ్మపురమునుండి ఖుర్దారోడ్డు వైపు రైలులో పోవునప్పుడు రంభ దాటిన పిమ్మట కిటికీనుండి దానిని చూడనివారు మీలో నుండరు. శాస్త్రజ్ఞులు ప్రపంచమున నలుమూలలనుండి వచ్చి ఆ సరస్సు నొడ్డున పాఠములు నేర్చుకొని పోవుచున్నారు. అదే పాఠమును మనమును నేడు నేర్చుకొందము.

మొదట ఈ శాస్త్రము పేరును విచారింతము. జీవావరణ శాస్త్రమునకు పాశ్చాత్యులు ఎకాలజీ యని పేరిడిరి. 1866లో ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరును కల్పించెను. గ్రీకు భాషలో ‘ఓయికోస్’ అనగా ఇల్లు. కావున ఇది ఇంటిని గూర్చిన శాస్త్రము. ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు గదా. వంట చేయువారెవరు, తినువారెవరు, నీరెచ్చటనుండి వచ్చును, మురుగెటు పోవును, మిగిలిన యన్నము ఎవరికి చేరును, అతిథి వచ్చిన నెవరు సర్దుకొందురు, ఇవన్నియు కలిసిననే యిల్లు. 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అను ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు ఒక ప్రదేశమందలి ప్రాణులను, వాటి చుట్టునున్న నేల, నీరు, గాలి, వెలుతురులను విడదీయక ఒక్క వ్యవస్థగా చూడవలెనని చెప్పెను. దానిని మనము ఆవరణ వ్యవస్థ యనుచున్నాము.

ఈ శాస్త్రము చెప్పు ముఖ్యవిషయ మొక్కటే. ఏ ప్రాణియు ఒంటరిగా బ్రతుకదు. ఒక ప్రాణిని కాపాడవలెనన్న, దానికిని ఇతరములకును గల సంబంధములను కాపాడవలెను. ఈ మాటను చిలికా యెట్లు రుజువు చేసినదో చెప్పెదము.

చిలికా మంచినీటి చెరువు కాదు, సముద్రమును కాదు. రెంటికిని నడుమ నున్న ఉప్పుటి కయ్య. ఇది పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో వ్యాపించియున్నది. వేసవిలో దీని విస్తీర్ణము సుమారు 900 చదరపు కిలోమీటర్లు; వర్షకాలమున 1,100 దాటును. ఇంత వెడల్పున్నను లోతు స్వల్పము. చాలచోట్ల పడవవాడు గడకఱ్ఱను నేలకు తాకించి పడవను నడుపగలడు. ఉత్తరమున మహానది శాఖలైన దయా, భార్గవి మొదలగు నదులు మంచినీటిని తెచ్చి దీనిలో పోయుచున్నవి. పడమటి కొండలనుండి చిన్న యేరులు వచ్చి కలియుచున్నవి. తూర్పున నొక పొడవైన ఇసుకదిబ్బ సరస్సును బంగాళాఖాతమునుండి వేరు చేయుచున్నది. ఆ దిబ్బలో నున్న ముఖద్వారముగుండ సముద్రపు పోటు లోపలికి వచ్చును, ఆటు వెలుపలికి పోవును.

వానకాలమున నదుల నీరు నిండి సరస్సు చప్పబడును. వేసవిలో నదులు చిక్కినప్పుడు సముద్రపు నీరు లోనికి వచ్చి ఉప్పదనము హెచ్చును. ఉత్తర భాగమొక రుచి, దక్షిణ భాగమొక రుచి, ముఖద్వారము చెంత మఱియొక రుచి. ఈ రుచి భేదములే చిలికా సంపదకు మూలము. మంచినీటి ప్రాణులకును, ఉప్పునీటి ప్రాణులకును, రెంటి నడుమ తిరుగు ప్రాణులకును ఇచ్చట తావున్నది.

ఇంటిలో వంట యెవరు చేయుదురని ముందు ప్రశ్నించితిమి. చిలికాలో వంటవాండ్రు కంటికి కనబడనంత చిన్నవారు. నీటిలో తేలియాడు సూక్ష్మమైన మొక్కలు కలవు. వాటిని వృక్షప్లవకములందురు. అవియు, నీటి యడుగున నుండు గడ్డియు, నాచును సూర్యుని వెలుతురుతో ఆహారమును తయారు చేయును. సూక్ష్మజంతువులు ఆ మొక్కలను తినును. చిన్న చేపలు, రొయ్యలు ఆ జంతువులను తినును. వాటిని పెద్ద చేపలు, చేపలను పక్షులు, మనుష్యులు, సరస్సులో నివసించు ఇరావతి డాల్ఫినులు తినును. దీనిని ఆహారపు గొలుసు అందురు.

ఈ గొలుసున నొక లెక్క యున్నది. లెక్కలనగా భయపడువారును దీనిని సులభముగా గ్రహింపగలరు. ఒక మెట్టునుండి పై మెట్టునకు ఆహారశక్తిలో సుమారు పదింట నొకవంతు మాత్రమే చేరును. తక్కినది ఆ ప్రాణి కదలుటకు, ఊపిరి తీయుటకు ఖర్చగును. కావున పెద్దచేప యొక కిలో బరువు పెరుగవలెనన్న చిన్నచేపలు పది కిలోలు కావలెను. ఆ చిన్నచేపలకు సూక్ష్మజంతువులు నూరు కిలోలు, వాటికి సూక్ష్మమైన మొక్కలు వేయి కిలోలు కావలెను. మీ తల్లి బజారునుండి తెచ్చిన కిలో పండుగప్ప వెనుక ఇంత పంట యున్నది. నీరు మలినమై వెలుతురు లోపలికి పోనియెడల వంటయే ఆగిపోవును. అప్పుడు వల యెంత పెద్దదైనను లాభము లేదు.

వంట తరువాత అంట్లు తోమువారును ఉండవలెను గదా. చచ్చిన చేప, కుళ్ళిన గడ్డి, పక్షుల రెట్ట, ఇవి పేరుకొనిపోకుండ సూక్ష్మజీవులు వాటిని విడగొట్టి మరల మొక్కలకు ఎరువుగా నిచ్చును. ప్రకృతి యింటిలో పారవేయుటకు వేరుగా చోటు లేదు. ఒకరికి వ్యర్థమైనది మఱియొకరికి భోజనము. అయితే మనము నేడు వాడి విసరివేయు ప్లాస్టిక్ సంచిని తినగల సూక్ష్మజీవులు లేవనియే చెప్పవచ్చును. అది చినిగి చినిగి ముక్కలగును గాని ఎరువు కాదు. ఆ ముక్కలను చేప ఆహారమనుకొని మ్రింగును.

ఇక అతిథుల మాట. చిలికా నడుమ నలబణ యను ద్వీపమున్నది. దాని వైశాల్యము 15 చదరపు కిలోమీటర్లకు పైబడి యుండును. వానకాలమున అది నీట మునుగును. శీతకాలమున నీరు తగ్గగా బయటపడును. అది బయటపడు వేళకే ఉత్తరదేశములనుండి పక్షులు గుంపులుగా వచ్చి దిగును. కాస్పియన్ సముద్రప్రాంతము, బైకాల్ సరస్సు, మంగోలియా, లదాఖ్ మొదలగు చోట్లనుండి అవి వచ్చునని పరిశోధకులు కనుగొనిరి. ఇటీవలి సంవత్సరములలో జనవరి నెలయందు జరిపిన గణనలలో పక్షుల సంఖ్య పది లక్షలకు పైబడినది. ఈ ద్వీపమును 1987లో పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. చూడుడు, మన జిల్లా పొలిమేరలోని బురదలో పురుగులు తగ్గినయెడల బైకాల్ సరస్సు తీరమున పక్షుల సంఖ్య తగ్గును. ఒక యింటి ప్రహరీ యెచ్చట ముగియునో ప్రకృతిలో గీత గీచి చెప్పుట కష్టము.

ఇప్పుడు ఈ యింటికి జబ్బు చేసిన కథ చెప్పెదము. దానికి ముందుగా రొయ్య జీవితమును గూర్చి తెలిసికొనవలెను.

పులిరొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. కొన్ని వారములలో ఆ పిల్లలు సన్నని పోగులవలెనై పోటుతో కూడ ముఖద్వారముగుండ సరస్సులో ప్రవేశించును. సరస్సులో ఆహారము సమృద్ధి. సముద్రములో నున్నంతమంది శత్రువులు లేరు. కొన్ని నెలలు అచ్చట పెరిగి, పెద్దదై, మరల ఆటుతో సముద్రమునకు పోయి గ్రుడ్లు పెట్టును. అనగా రొయ్యకు చిలికా పుట్టినిల్లు కాదు, పెంచిన యిల్లు. పీతలలోను, చేపలలోను ఇట్లు రాకపోకలు చేయునవి అనేకము. వాటన్నింటికిని ముఖద్వారమే వాకిలి.

ఆ వాకిలి క్రమముగా పూడిపోయినది. దీనికి రెండు కారణములు. మొదటిది సముద్రము. మన తీరమున అలలు సంవత్సరములో అధికభాగము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నెట్టుకొనిపోవును. అందువలన ముఖద్వారము ఉత్తరముగా జరుగుచు, సరస్సునుండి సముద్రమునకు పోవు కాలువ పొడవగుచు, సన్ననగుచు వచ్చినది. రెండవది నేల. ఎగువ కొండలపై అడవులు నరికినకొలది వాన పడినప్పుడు మట్టి నిలువక నీటితో దిగివచ్చెను. మహానది శాఖలు తెచ్చు ఒండ్రును దీనికి తోడయ్యెను. లోపలినుండి మట్టి, వెలుపలినుండి ఇసుక, రెండును కలిసి వాకిలిని మూసినట్లయ్యెను.

పోటు లోనికి రాకపోవుటచే నీటి యుప్పదనము తగ్గెను. ఉప్పదనము తగ్గగానే కిక్కిస, గుఱ్ఱపుడెక్క మొదలగు మంచినీటి కలుపు అల్లుకొనెను. కలుపు వలన నీటి కదలిక తగ్గి ఒండ్రు మఱింత పేరుకొనెను. ఇట్లు ఒక జబ్బు మఱియొక జబ్బును తెచ్చెను. రొయ్యపిల్లలకు దారి లేదు. చేపల దిగుబడి సంవత్సర సంవత్సరమునకు క్షీణించెను. 1981లో భారతదేశమునుండి మొట్టమొదట రామ్‌సర్ పట్టికలో చేరిన రెండు చిత్తడినేలలలో చిలికా యొకటి. ఇరానులోని రామ్‌సర్ పట్టణమున 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము ననుసరించి ఇట్టి పట్టిక యేర్పడినది. అట్టి గౌరవము పొందిన సరస్సును పండ్రెండేండ్లకే, 1993లో, ప్రమాదస్థితిలో నున్న చిత్తడినేలల పట్టికలో చేర్చవలసివచ్చెను.

సరస్సుపై ఆధారపడి జీవించు మత్స్యకారులు సుమారు రెండు లక్షలమంది. దిగుబడి తగ్గినప్పుడు ఆ బాధ పుస్తకములలోని యంకెలుగా నుండదు. బడిలో కూర్చున్న మావంటివారికి అది హాజరుపట్టీలో కనబడును. సరస్సులోనైనను, సముద్రములోనైనను చేప తగ్గిన సంవత్సరమున తండ్రి పని వెదకుకొనుచు సూరత్తునకో, మద్రాసునకో, కేరళ రేవులకో పోవును. కొన్నాళ్ళకు తల్లియు పిల్లలును వెంటపోవుదురు. చదువుచున్న పిల్లవాని పేరునకు ఎదురుగా మొదట వరుసగా సున్నలు పడును. పిమ్మట పేరే కొట్టివేయబడును. పోయినచోట తెలుగు బడి దొరకుట కష్టము. ఒడియా బడి దొరకుటయు కష్టమే. పర్యావరణము చెడుటకును, చదువు చెడుటకును సంబంధమేమని యడుగువారికి మేము ఆ పట్టీని చూపగలము.

ఇక చికిత్స. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనాలయమువారు సరస్సు నమూనాపై పరిశోధించి, కాలువ యంతటిని త్రవ్వుటకంటె సరస్సునకు దగ్గరగా క్రొత్త ముఖద్వారము తెరచుట మేలని నిర్ణయించిరి. చిలికా అభివృద్ధి సంస్థ యాధ్వర్యమున సిపకుడా గ్రామము చెంత ఇసుకదిబ్బను త్రవ్వి 2000 సెప్టెంబరు 23వ తేదీన క్రొత్త వాకిలిని తెరచిరి. సరస్సునకును సముద్రమునకును నడుమ దారి 18 కిలోమీటర్లు తగ్గినది. పోటు లోనికి వచ్చినది. ఉప్పదనము పెరిగినది. మంచినీటి కలుపు చాలచోట్ల వెనుకంజ వేసినది. సముద్రపు గడ్డి మరల మొలచినది. 1999-2000లో సుమారు 1,700 టన్నులుగా నున్న దిగుబడి 2001-02 నాటికి సుమారు 12,000 టన్నులకు పెరిగినది. 2002లో చిలికాను ప్రమాద పట్టికనుండి తొలగించిరి. ఆసియాలో అట్లు తొలగింపబడిన మొదటి చిత్తడినేల యిదియే.

ఈ చికిత్సలోని విశేషమును గమనింపుడు. ఎవరును సరస్సులో క్రొత్తగా రొయ్యలను పోసి దిగుబడిని పెంచలేదు. తెగిన సంబంధమును తిరిగి కలిపిరి. తక్కిన పని రొయ్య, గడ్డి, పోటు, సూర్యుడు చేసికొనినవి. అయితే వాకిలి తెరచితిమి గదాయని నిద్రపోవుటకు వీలులేదు. అలలు ఇసుకను మోయుట మానలేదు. కొండలనుండి మట్టి దిగివచ్చుట యాగలేదు. అందుచేతనే ఎగువ గ్రామములలో చెట్లు పెంచి మట్టిని నిలుపు పనియు దీనితోపాటు సాగవలసివచ్చెను. చిలికా ఆరోగ్యము సముద్రము నొడ్డున సగము, కొండ వాలున సగము ఉన్నది.

సంబంధములను తెంచునది ఇసుకయే కాదు. మనుష్యుని యాశయు కలదు. రొయ్యకు విదేశములలో వెల పలికిన పిమ్మట కొందఱు సరస్సులోపలనే గట్లు కట్టి, వలలు చుట్టి, చెఱలు చేసి రొయ్యలను పెంచసాగిరి. వాటిని ఒడియాలో ఘేరీ లందురు. గట్టు కట్టినవానికి లాభము కలిగినది నిజమే. కాని గట్టు నీటి కదలిక నాపును. సన్నని కన్నుల వల చేపపిల్లలను కూడ పట్టివేయును. అందఱకు నుమ్మడియైన నీరు కొందఱి సొత్తగును. చిన్న పడవవానికి వల వేయు తావు మిగులదు. అందఱును పల్లకి యెక్కిన మోయువారెవరు? 1996 డిసెంబరున సుప్రీము కోర్టువారు చిలికాకును, ఆంధ్ర తమిళ దేశముల సరిహద్దుననున్న పులికాటునకును వేయి మీటర్ల లోపల రొయ్యల చెఱువులు కూడదని తీర్పిచ్చిరి. తీర్పు వచ్చిన తరువాతను ఘేరీలు మరల మరల పుట్టుచునే యున్నవి. అధికారులు తొలగించుచునే యున్నారు. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటికిని ఇట్టి చరిత్రయే కలదు. అచ్చట సరస్సు గర్భమున చేపల చెఱువుల గట్లు లేచిపోగా, 2006లో ప్రభుత్వము వాటిని పగులగొట్టింపవలసివచ్చెను. చట్టము గట్టును తొలగింపగలదు గాని, గట్టు కట్టవలెనను కోరికను తొలగింపలేదు. ఆ పని ఇంటిలోను బడిలోను జరుగవలెను.

ఇచ్చట ఒక కష్టమైన విషయమును దాటవేయరాదు. చిలికాకు దక్షిణమున ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట ప్రతి సంవత్సరము కాకున్నను పెక్కు సంవత్సరములలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల సంఖ్యలో ఒడ్డునకు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి నూటికి పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుకకు చూడక పోవును. సుమారు ఏబది దినములకు పిల్లలు బయటకు వచ్చి సముద్రమునకు ప్రాకును. తాబేలు నీటిలో నుండునదైనను గాలి పీల్చు ప్రాణి. పెద్ద మరపడవల వలలలో చిక్కినయెడల ఊపిరాడక చచ్చును. అందుచేత ఋషికుల్యా, దేవీ, ధామ్రా సంగమముల చెంత తీరమునుండి 20 కిలోమీటర్లవరకు ప్రతి సంవత్సరము నవంబరు 1వ తేదీ మొదలు మే 31వ తేదీవరకు చేపల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది.

నిషేధము న్యాయమే. కాని యేడు నెలలు! ఈ తీరమున తరతరములుగా వల వేయుచున్న తెలుగు మత్స్యకారుల పిల్లలు ఈ సభలోనున్నారు. తాబేటిని రక్షించుట వలన లోకమంతటికిని మేలు కలుగుచుండగా, దాని ఖర్చును కొద్ది గ్రామములవారే మోయుచున్నారు. వారికి ప్రభుత్వమిచ్చు సహాయము వేటకు సమానము కాదు. “మా నాయన తాబేటికి శత్రువా?” అని పిల్లవాడు అడిగినయెడల ఏమని చెప్పవలెను? కాదనియే చెప్పవలెను. ఋషికుల్యా తీరమున తాబేటి పిల్లలను బుట్టలలో నెత్తి సముద్రమున విడుచుచున్నవారిలో మత్స్యకారుల పిల్లలే యనేకులు. మత్స్యకారుని కూడ ఈ ఆవరణ వ్యవస్థలో నొక భాగముగా లెక్కించినప్పుడే రక్షణ నిలుచును. వానిని లెక్కనుండి తీసివేసిన రక్షణ కాగితముపై మాత్రమే యుండును.

దీనికి చిలికా ఉత్తర తీరమందలి మంగళజోడి గ్రామమే సాక్ష్యము. ఒకప్పుడు ఆ గ్రామమున పలువురు పక్షులను చంపి యమ్ముకొని బ్రతికెడివారు. 2000వ సంవత్సర ప్రాంతమున వారిలో కొందఱు ఆ వృత్తిని విడిచి పక్షులకు కావలి కాయ నారంభించిరి. ఏ పక్షి యే తుంగలో దాగునో వారికంటె బాగుగా నెఱిగినవారు లేరు. నేడు వారే చూడవచ్చువారిని పడవలలో త్రిప్పి, పక్షుల పేర్లు చెప్పి, ఆ యాదాయముతో జీవించుచున్నారు. వారికి బ్రతుకుతెరువు దొరకినందుననే ఆ మార్పు నిలిచినది. ఉపన్యాసములు మాత్రమే విని మానియుండినయెడల ఆకలి వేసిన మఱునాడే మరల వల పన్నియుందురు.

విద్యార్థులారా! ఇంతవఱకు చెప్పినది సరస్సును గూర్చి, ప్రభుత్వమును గూర్చి, పెద్దలను గూర్చి. మీరు చేయదగినదేమి? చిన్నపనులే చెప్పెదము. కాని విడువక చేయవలసినవి.

మొదటిది, మొక్కల లెక్క. ప్రతి సంవత్సరము వనమహోత్సవమున మొక్కలు నాటుచున్నాము. ఇకమీదట నాటిన మొక్కల సంఖ్యను గాక, మూడేండ్ల తరువాత బ్రతికియున్న చెట్ల సంఖ్యను మన వార్షిక నివేదికలో ప్రకటింతము. ఒక్కొక్క తరగతికి ఆ తరగతి నాటిన చెట్టే అప్పగింపబడును. తరగతి మారినను చెట్టు మారదు. సముద్రపు ఒడ్డు గ్రామములవారు తీరమునందలి మొగలి పొదలను నరుకకుండ చూడవలెను. వాటి వేళ్ళు ఇసుకను పట్టి నిలుపును. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత ఒడ్డును దాటిన రాత్రిని మీ పెద్దలు మఱవలేదు. ఆ గాలి వేగమును ఒడ్డుననే కొంతయైన తగ్గించునది చెట్టే గదా.

రెండవది, చెత్త తూకము. ప్రతి శనివారము పాఠశాలలో పోగైన ప్లాస్టిక్‌ను తూచి పలకపై వ్రాయుడు. తిలాపాపము తలా పిడికెడని సామెత. ఎవరి పిడికెడు ఎంతయో కనబడిననే తగ్గించు బుద్ధి పుట్టును. మన వీథి కాలువలో పడినది ఏటిలో పడును. ఏటిలో పడినది సముద్రమున పడును.

మూడవది, నీటి కొలత. పాఠశాల బావి త్రాటికి మూరకొక ముడి వేయించితిమి. ప్రతి సోమవారము నీరెన్ని ముడులు దిగినదో కొలువుడు. పది సంవత్సరముల కొలతలు చేరినప్పుడు ఈ యూరి నీటి సంగతి మన విద్యార్థులకు తెలిసినంతగా ఎవరికిని తెలియదు.

నాలుగవది మాకు మిక్కిలి ప్రియమైనది. పేర్ల పట్టిక. మీ తాతలకు ప్రతి చేపకును, ప్రతి గాలికిని, అల తీరునకును, పక్షికిని పేరున్నది. ఏ గాలి వీచిన ఏ చేప దగ్గరకు వచ్చునో వారికి తెలియును. ఆ పేర్లలో ననేకము మన నిఘంటువులలో లేవు. మీ తండ్రుల తరమున సగము పోయినవి. మీ తరమున తక్కినవి పోవును. పేరు పోయిన ప్రాణి పోయినను ఎవరికిని తెలియదు. కావున ప్రతి విద్యార్థియు తన యింటిపెద్దలను అడిగి, ఒక్కొక్క ప్రాణికి తెలుగు పేరును, దాని ప్రక్కనే ఒడియా పేరును, అది కనబడు నెలను వ్రాసి తేవలెను.

ఒడియా పేరు కూడ ఎందులకని కొందఱు పెద్దలు అడుగవచ్చును. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడునంతవఱకు మన గంజాం మద్రాసు రాజధానిలో నుండెను. నాటినుండి నేటివఱకు మనము రెండు భాషల నడుమ బ్రతుకుచున్నాము. ఇంటిలో తెలుగు, అంగడిలో ఒడియా. దీనిని కొఱతగా భావించువారు కలరు. మంచినీరు ఉప్పునీరు కలియుచోటనే చిలికాలో జీవరాశి అధికముగా నున్నది. అయితే రెండు నీళ్ళును వచ్చుచుండవలెను. నది యెండినను, పోటు ఆగినను సరస్సు రోగగ్రస్తమగును. మన పిల్లలు తెలుగును వదలుకొనరాదు. ఒడియాకు తలుపు మూయరాదు. ఆ పట్టిక రెండు భాషలలో నుండవలెనని మేము కోరుటకు కారణమిది. సరస్సునకు కావలసిన జ్ఞానము రెండు భాషలవారి యొద్దను ఉన్నది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు వచ్చి చేపల పేర్లడిగినప్పుడు, “చదువుకొనువానికి ఈ గోల యెందుకు?” అని కసరవలదు. మీకు తెలిసినదియు చదువే. దానిని వ్రాసికొని దాచుకొను పని ఇన్నాళ్ళకు బడికి దొరకినది. వేట నిషేధపు నెలలలో పనికై పొరుగూళ్ళకు పోవలసివచ్చినచో, పిల్లవానిని వెంట గొనిపోవుటకు ముందు ఒక్కసారి మా యొద్దకు రండు. సంఘము వారితో మాటలాడి, వాడు ఇచ్చటనే యుండి చదువుటకు వీలగు మార్గమును వెదకెదము. ఆ యేర్పాటును గూర్చి సంఘాధ్యక్షులు ఈ సభలోనే ఆలోచింపవలెనని ప్రార్థించుచున్నాము.

వచ్చు సోమవారము ఉదయము ప్రార్థన ముగిసిన పిమ్మట విజ్ఞానశాలలో నాలుగు దినచర్య పుస్తకములు తెరచి యుంచబడును. చెట్లకొకటి, చెత్తకొకటి, బావికొకటి, పేర్లకొకటి. మొదటి పుటలో తేదీ మాత్రము మేము వ్రాసెదము. తక్కినది మీరు వ్రాయవలెను.